బియ్యం గాలించినట్టు



ఈ పూట ఇంటి దగ్గర కారు కడుక్కోవడం గురించి మాట్లాడుకుందాం. నీళ్లు ఎక్కువ పారబోయకుండా, సబ్బు కాలువలో కలవకుండా, కారు మీద గీత పడకుండా ఎలా కడగాలో చెబుతాను. "మాకు కారెక్కడిదండీ" అని రేడియో కట్టేయకండి. స్కూటరున్నా, ఆటో ఉన్నా ఇదే పద్ధతి. ఏ బండీ లేకపోయినా ఫరవాలేదు. పక్కింటాయన పైపు పట్టుకుని వీధంతా తడిపేస్తుంటే చూసి పళ్లు కొరుక్కుంటారు కదా, ఆయనకి చెప్పడానికైనా పనికొస్తుంది.

కారు కన్నా ముందు మా అమ్మ సంగతి చెప్పాలి.

నా చిన్నప్పుడు బియ్యంలో రాళ్లుండేవి. చేటలో ఎంత చెరిగినా ఇంకా కొంచెం ఇసుక మిగిలేది. అప్పుడు అమ్మ బియ్యం గాలించేది. ఒక గిన్నెలో బియ్యం పోసి, నీళ్లు పోసి, గిన్నెని మెల్లగా అటూ ఇటూ ఊపేది. బియ్యం నీళ్లతో పాటు పైకి లేచేవి. లేచిన బియ్యాన్ని లేచినట్టే రెండో గిన్నెలోకి వంపేది. మళ్లీ నీళ్లు, మళ్లీ ఊపు, మళ్లీ వంపు. ఇసుక బరువు కదా, మొదటి గిన్నె అడుగునే ఉండిపోయేది. ఆఖర్న చూస్తే అడుగున చిటికెడు ఇసుక. "ఇదంతా మీ నాన్న పంటి కింద పడాల్సింది" అని నవ్వేది.

గాలించడమంటే ఇంతే. ఇసుకని అడుగుకి పంపాలి. అడుగుకి పోయిన ఇసుకని మళ్లీ పైకి రానివ్వకూడదు. దానికి గిన్నెలు రెండు కావాలి.

కారు కడగడానికీ రెండు కావాలి. రెండు బకెట్లు. ఈ పూట నేను చెప్పబోయేది ఈ ఒక్క మాటే.

ముందు నీళ్ల లెక్క చూద్దాం. మా ఇంట్లో కుళాయికి తగిలించిన పైపు కింద 20 లీటర్ల మంచినీళ్ల క్యాను పెట్టి, గడియారం చూశాను. నిమిషంన్నరలో నిండింది. పైపుతో కారు కడిగితే ఎంత లేదన్నా 20 నిమిషాలు పడుతుంది. సబ్బు రుద్దేటప్పుడు పైపు నేల మీదే పడుంటుంది, కట్టేయం. "ఒక్క నిమిషమేగా" అంటాం. 20 నిమిషాలకి లెక్కేస్తే 260 లీటర్లు దాటింది. అంటే 13 క్యాన్లు. వాటర్ ప్లాంటు కుర్రాడు 13 క్యాన్లు తెచ్చి మీ గుమ్మం ముందు వరసగా పెట్టాడనుకోండి. అవన్నీ మీరే ఒక్కొక్కటీ ఎత్తి కారు మీద గుమ్మరిస్తారా? చెయ్యి రాదు. పైపులోంచి పోతే మాత్రం కంటికి ఆనదు.

భూగర్భ డ్రైనేజీ ఉన్న పట్టణాల్లో మనిషికి రోజుకి 135 లీటర్లు ఇవ్వాలని కేంద్ర ప్రభుత్వ ప్రమాణం. స్నానం, వంట, బట్టలు, మరుగుదొడ్డి అన్నీ కలిపి 135. ఆ లెక్కన ఇద్దరు మనుషుల ఒక రోజు నీళ్లు ఒక కారు తాగేసింది. 2024 మార్చిలో బెంగళూరులో బోర్లు ఎండిపోయినప్పుడు, తాగునీటితో బళ్లు కడిగితే 5,000 రూపాయల జరిమానా పెట్టారు. కృష్ణ ఒడ్డున ఉన్నవాళ్లం, మనకా బాధ లేదనుకుంటాం. మే నెలలో ఒకసారి ప్రకాశం బ్యారేజీ కిందకి దిగి, అక్కడున్నది నీళ్లో ఇసుకో చూసి రండి.

పైపు వద్దని చెప్పేశాను. "అయితే తడిగుడ్డతో తుడిచేస్తే పోలా?" అంటారు. నేనూ అలాగే అనుకున్నాను. అనుకుని ఏం చేశానో చెబుతాను.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగింది గుర్తుందా? విజయవాడలో కొన్ని పేటల్లో కార్లు పైకప్పు దాకా మునిగాయి. మా వీధిలో నీళ్లు చక్రం సగం దాకానే వచ్చి ఆగాయి. లారీలు, ట్రాక్టర్లు పోతుంటే ఆ బురద తలుపుల మీదకి చిమ్మింది. నీళ్లు తీసేసరికి బురద ఎండి, పిండి రాసినట్టు తెల్లగా కారంతా పట్టింది. కుళాయిల్లో సరిగా నీళ్లు రావడం లేదు. నీళ్లు పొదుపు చేస్తున్నానని నాకు నేనే మెచ్చుకుంటూ, పాత తువ్వాలు కొంచెం తడిపి, తలుపు మీద గుండ్రంగా రుద్దాను. బురద పోయింది. కారు మెరిసింది. మర్నాడు పొద్దున ఎండ వాలుగా పడేసరికి తలుపంతా సాలెగూడు అల్లినట్టు సన్నటి గీతలు! నిండా రెండేళ్లు కాని కారు. మా ఆవిడ చూసి ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ బాధనిపించింది.

ఏం జరిగిందంటే... కారు రంగు మీద గాజులాంటి పొర ఒకటుంటుంది. రంగుకి కాపలా అదే. దాని మందం మామూలుగా 40, 50 మైక్రాన్లు, అంటే తలవెంట్రుక కన్నా సన్నం. రోడ్డు దుమ్ములో ఉండేది చాలావరకు ఇసుక. ఇసుకరేణువు గాజు మీద కూడా గీత పెడుతుంది. దుమ్ము పట్టిన కారుని పొడిగుడ్డతో గానీ, చాలీచాలని తడితో గానీ రుద్దామంటే, సన్నటి ఉప్పుకాగితంతో రుద్దినట్టే. గుడ్డ ఎంత మెత్తగా ఉన్నా లాభం లేదు. గీసేది గుడ్డ కాదు, గుడ్డకీ కారుకీ మధ్య ఇరుక్కున్న ఇసుక.

గీతలు పడ్డాక ఏం చేస్తాం? పాలిష్ పెట్టిస్తాం. పాలిష్ అంటే ఆ పొరనే ఇంకాస్త అరగదీసి చదును చేయడం. ఉన్నదే వెంట్రుక మందం లేదు, ఎన్నిసార్లు అరగదీస్తారు? నీళ్లు పొదుపు చేయబోయి నేను రంగు ఖర్చు చేశాను.

అందుకని నీళ్లు తగ్గించడం ఒక్కటే సరిపోదు. ఉన్న కాసిని నీళ్లు ఏ వరసలో వాడుతున్నామన్నది చూసుకోవాలి. వరస మూడే మాటలు. నానబెట్టు. జారనివ్వు. అప్పుడు తుడువు. ఇంకోసారి చెబుతున్నాను. నానబెట్టు, జారనివ్వు, అప్పుడు తుడువు.

పప్పు అడుగంటిన గిన్నెని ఎవరైనా పొడిగా తోముతారా? చెంబుడు నీళ్లు పోసి పక్కన పెడతాం. అరగంటకి దానంతటదే వదులుతుంది. కారు కూడా అంతే.

పొద్దున్నే ఎండ రాకముందు మొదలుపెట్టండి. లేదా నీడలో పెట్టుకోండి. బానెట్ మీద అరచెయ్యి ఆనించి చూడండి. చురుక్కుమంటే అప్పుడు కడగొద్దు. రోహిణి కార్తెలో ఎండలో ఉన్న కారు మీద నీళ్లు పోస్తే, మీరు గుడ్డ అందుకునేలోపు ఆరిపోతాయి. నీళ్లు పోతాయి గానీ నీళ్లలో ఉన్న ఉప్పు పోదు. తెల్లటి చుక్కలై అక్కడే కూర్చుంటుంది.

సరే, నీడలో పెట్టారు. మగ్గుతో పైకప్పు మీద నీళ్లు మెల్లగా పోయండి. విసిరి కొట్టొద్దు. మొక్కలకి నీళ్లు పోసే చిల్లుల మూతి క్యాను ఉంటే ఇంకా మేలు. పైన పోసిన నీళ్లే అద్దాల మీదకి, తలుపుల మీదకి జారతాయి. కారంతా తడవడానికి 10 లీటర్లు చాలు. తడిపి రెండు నిమిషాలు ఊరుకోండి. చెయ్యి దురద పెడుతుంది, తెలుసు. ఊరుకోండి. దుమ్ము నానుతుంది. ఆ 10 లీటర్లలోనే మిగుల్చుకున్న నాలుగు మగ్గులు మళ్లీ పైనుంచి పోయండి. నానిన దుమ్ములో సగానికి సగం దానంతటదే జారిపోతుంది.

ఇప్పుడు బకెట్లు. ఒకదాంట్లో 8 లీటర్ల నీళ్లు, అందులో మూతెడు కారు షాంపూ. రెండోదాంట్లో 10 లీటర్ల ఉత్త నీళ్లు. ఈ ఉత్త నీళ్ల బకెట్టు ఉంది చూశారూ, అదే మా అమ్మ మొదటి గిన్నె. కూరగాయలు కడిగే చిల్లుల ప్లాస్టిక్ గిన్నె ఇంట్లో ఉంటే, దాన్ని ఈ బకెట్టు అడుగున బోర్లించండి. ఇసుక చిల్లుల్లోంచి కిందకి దిగుతుంది. మీ గుడ్డ అడుగుదాకా పోదు. బజార్లో ఈ పనికే జల్లెడలు అమ్ముతున్నారు. ఇంట్లో ఉన్న గిన్నె దానికేం తీసిపోదు. ఇంట్లో వాళ్లని అడిగి తీసుకోండి, అంతే.

గుడ్డని షాంపూ నీళ్లలో ముంచండి. పైకప్పులో సగం తుడవండి. గుండ్రంగా వద్దు, నిలువుగానో అడ్డంగానో ఒకే వైపుకి లాగండి. నొక్కొద్దు. పసిపిల్లకి ఒళ్లు తుడిచినట్టు తుడవండి. ఆ గుడ్డని వెంటనే మళ్లీ షాంపూలో ముంచకూడదు. ముందు ఉత్త నీళ్ల బకెట్టులో జాడించండి. ఇసుక అక్కడ వదిలేసింది కదా, పిండి, అప్పుడు షాంపూలో ముంచండి. మళ్లీ ఇంకో సగం. షాంపూ బకెట్టు ఆఖరిదాకా శుభ్రంగా ఉండాలి. ఉత్త నీళ్ల బకెట్టు నల్లబడాలి. అది నల్లబడుతుంటే మీ పని సరిగ్గా సాగుతున్నట్టు.

పైనుంచి కిందకే రావాలి. ముందు పైకప్పు, తర్వాత అద్దాలు, బానెట్, డిక్కీ, తలుపుల పై సగం. తలుపుల కింది సగం చివరికి. రోడ్డు మీద ఇసుకంతా ఎగిరి పడేది అక్కడే. చక్రాలు అన్నిటికన్నా ఆఖరు. చక్రాలకి వేరే గుడ్డ. బ్రేకులు అరిగినప్పుడు రాలే ఇనప పొడి చక్రాల మీద నల్లగా పేరుకుంటుంది. ఆ గుడ్డ పొరపాటున బానెట్ మీదకి వచ్చిందంటే నా తలుపు కథ మీకూ జరుగుతుంది. నేను చక్రాల గుడ్డకి ఓ మూల ముడి వేసి ఉంచుతాను. తెల్లవారుజామున చీకట్లో కూడా చేతికి తెలిసిపోతుంది.

తుడిచాక 12 లీటర్ల మంచినీళ్లు పైనుంచి మగ్గుతో పోసి, పొడిగుడ్డతో అద్దండి. రుద్దొద్దు, అద్దండి. మొత్తం ఎన్నయ్యాయి? నానబెట్టడానికి 10, షాంపూకి 8, జాడించడానికి 10, ఆఖరికి 12. మొత్తం 40 లీటర్లు. రెండు క్యాన్లు. 13 క్యాన్ల పని రెండు క్యాన్లతో అయిపోయింది.

గుడ్డ గురించి ఒక మాట. బజార్లో మైక్రోఫైబర్ గుడ్డలని దొరుకుతున్నాయి. వాటి పోగులు చాలా సన్నగా చీలి ఉంటాయి. దుమ్ముని పైపైన తోయకుండా లోపలికి లాక్కుంటాయి. ఆ గుడ్డని నాలుగు మడతలు వేసుకుంటే, తిప్పి తిప్పి వాడుకోవడానికి ఎనిమిది ముఖాలొస్తాయి. ఒకటి మురికైతే ఇంకోటి. అవి ప్లాస్టిక్ పోగులే కాబట్టి ఉతికినప్పుడల్లా కాసిని రాలి నీళ్లలో కలుస్తాయి. అందుకే వారం వారం కొత్తవి కొనకండి. నాలుగు కొనుక్కుని జాగ్రత్తగా వాడుకోండి. చల్లనీళ్లలో విడిగా ఉతికి, నీడన ఆరేయండి. బట్టలకి వేసే సువాసన ద్రవాలు వాటికి తగలనివ్వొద్దు, పోగులు మూసుకుపోతాయి.

ఇప్పుడు నాకు అసలు పట్టుదలగా ఉన్న సంగతి. కారు మీద నుంచి జారిన నీళ్లు ఎక్కడికి పోతున్నాయి?

స్నానాల గదిలో నీళ్లు భూగర్భ డ్రైనేజీలోకి పోతాయి. అక్కడినుంచి శుద్ధి చేసే చోటికి పోయే అవకాశం ఉంది. వీధిలో కడిగిన నీళ్లకి ఆ భాగ్యం లేదు. అవి పక్కన ఉన్న వానకాలువలో పడతాయి. మా వీధి కాలువ ఇంకో పెద్ద కాలువలో కలుస్తుంది. అది బుడమేరులోకి. బుడమేరు కొల్లేటిలోకి. 2002 నుంచి అంతర్జాతీయ చిత్తడినేలల జాబితాలో ఉన్న కొల్లేరు సరస్సు అది. చలికాలంలో ఎక్కడెక్కడి పక్షులో వచ్చి దిగే చోటు. నా కారు షాంపూ గూడకొంగ దాకా పోతుందని నేను మాత్రం ఎప్పుడనుకున్నాను?

విజయవాడ వాళ్లకి ఇంకోటి కూడా తెలుసు. ప్రకాశం బ్యారేజీ దగ్గర బయలుదేరే ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ ఊరి మధ్యలోంచే పోతాయి. వాటి మెట్ల మీద ఆటోలు, ట్రాలీలు దింపి కడిగేవాళ్లని చూసే ఉంటారు. కాలువ నీళ్లు పారుతూనే ఉంటాయి, మురికి పోతూనే ఉంటుంది, ఇంకేం అనిపిస్తుంది. ఎక్కడికి పోతుంది? మా అమ్మమ్మగారి ఊరు కాలువ చివర్లో ఉంది. డెల్టాలో చాలా ఊళ్లకి ఆ కాలువే ఆధారం. వేసవిలో కాలువ కట్టేసేలోపు ఊరి మంచినీళ్ల చెరువు నింపుకుంటారు. ఆ చెరువు నీళ్లే రెండు నెలలు తాగాలి. ఎగువన బండి కింద నుంచి కారిన ఇంజనాయిలు నీళ్ల మీద రంగురంగులుగా తేలుతుంది, చూడ్డానికి ఇంద్రధనుస్సులా ఉంటుంది. ఆ ఇంద్రధనుస్సు మా అమ్మమ్మగారి ఊరి వైపే పోతోంది.

అందుకని ఇంజను జోలికి మీరు ఇంటి దగ్గర వెళ్లకండి. ఇంజను కింద జిడ్డు ఉంటే, జిడ్డునీ నీళ్లనీ వేరుచేసే గుంట ఉన్న సర్వీసు సెంటరుకే ఇవ్వండి. ఇచ్చేముందు ఆ గుంట ఉందా అని అడగండి. అడగడం తప్పు కాదు. కొన్ని చోట్ల బండి అడుగున మెరవాలని డీజిల్ చిమ్ముతారు. రబ్బరు భాగాలు పాడవుతాయి, నేల పాడవుతుంది. "డీజిల్ వద్దు" అని ముందే చెప్పేయండి.

ఇంటి దగ్గర మట్టినేల ఉంటే కారు దాని మీద పెట్టి కడగండి. లేదా మట్టి పక్కన పెట్టి, నీళ్లు అటు వాలేలా చూసుకోండి. కాస్త షాంపూ నీళ్లు మట్టిలో ఇంకితే, మట్టిలోని సూక్ష్మజీవులు దాన్ని విరిచేసి తినేస్తాయి. అదే కాలువలో పడితే నేరుగా చేప మొప్పలకి తగులుతుంది. నల్లబడ్డ బకెట్టు కూడా అంతే. వీధి కాలువలో వంపొద్దు. పెద్ద చెట్టు మొదట్లో పోయండి. కొబ్బరిచెట్టో గానుగచెట్టో ఉంటే సరి. తులసికోటలోనూ, కూరమొక్కల పాదుల్లోనూ మాత్రం వద్దు.

బట్టల పౌడరు వాడతారు చాలామంది. వద్దండి. అందులో చాకలిసోడా ఉంటుంది. బట్టల జిడ్డు వదిలించినట్టే కారు మీద మైనపు పొరని వదిలించేస్తుంది. రబ్బరు బీడింగులని ఎండబెడుతుంది. ఫాస్ఫేటు ఉన్న పౌడరైతే కాలువలో గుర్రపుడెక్కకి ఎరువు వేసినట్టే. ఏటా పొక్లెయిన్లు దింపి గుర్రపుడెక్క తీయించడం చూస్తూనే ఉన్నాం. దానికి ఎరువు వేసేవాళ్లలో మనమూ ఉన్నాం.

"కుంకుడుకాయలైతే?" అని అడిగారు మా వియ్యపురాలు గారు. మంచి ప్రశ్నే. కుంకుడు రసం మ్యాట్లకీ, సీటు కవర్లకీ నేనూ వాడతాను. భేషుగ్గా ఉంటుంది. చెట్టుకి కాసిందే కదా, కాలువలో పోసినా ఫరవాలేదు అనుకోకూడదు. నురగ తెచ్చే గుణం ఎందులో ఉన్నా చేపకి పడదు. కుంకుడు నురగ కంట్లో పడితే మనకెలా ఉంటుందో చిన్నప్పుడు తలంట్లలో అందరం అనుభవించిందే. చేపకి ఒళ్లంతా కన్నే అనుకోండి. కుంకుడు నీళ్లయినా మట్టిలోనే పోయండి.

మన దేశంలో పర్యావరణానికి మేలైన సరుకులకి 1991లో ఎకోమార్క్ అని ఒక ముద్ర పెట్టారు. గుర్తు ఏమిటంటే మట్టికుండ. ఎంత చక్కటి గుర్తు! సబ్బుల డబ్బాల మీద ఆ కుండ కోసం వెతికి వెతికి నా కళ్లజోడు నంబరు మారింది. మీకు కనబడితే మాత్రం వదలకండి. లేకపోతే డబ్బా మీద పీహెచ్ అంకె చూడండి. ఏడు దగ్గర్లో ఉంటే మంచిది. పచ్చగా ఆకుబొమ్మ వేసినంత మాత్రాన నమ్మొద్దు, ఆకుబొమ్మ ఎవరైనా వేసుకోవచ్చు.

ఏ నీళ్లు వాడాలి? ఇంట్లో వృథాగా పోయే నీళ్లు రెండు రకాలు. ఏసీలోంచి కారేవి, మంచినీళ్ల ఆర్‌ఓ ఫిల్టరు బయటికి తోసేసేవి. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. గుణం మాత్రం పూర్తిగా వేరు. ఏసీ నీళ్లు గాలిలో తేమ చల్లబడి కారినవి. వాటిలో లవణాలు దాదాపు ఉండవు. ఆరితే మచ్చ పడదు. ఉక్కబోసే రోజుల్లో రాత్రికి బకెట్టుకి తక్కువ రావు. ఏసీ పైపు కింద బకెట్టు పెట్టి దాచుకోండి. ఆఖరున పోసే 12 లీటర్లు అవే. బోరునీళ్లున్న ఇళ్లవాళ్లకి ఇది వరం. తాగడానికి మాత్రం పనికిరావు సుమండీ.

ఫిల్టరు తోసేసిన నీళ్లు దీనికి సరిగ్గా వ్యతిరేకం. మన గ్లాసులోకి రాని ఉప్పంతా వాటిలోకే పోతుంది. అవి కారు మీద పోస్తే తెల్లచుక్కలు ఖాయం. మ్యాట్లు, చక్రాలు కడగడానికీ, ఇల్లు తుడవడానికీ వాడుకోండి. గుర్తుందిగా? ఏసీ నీళ్లు కారు ఒంటికి, ఫిల్టరు నీళ్లు కారు కాళ్లకి.

వాన వస్తే ఏం చేయాలంటారా? నానబెట్టే పని వానే చేసిపెట్టిందన్నమాట. వాన తగ్గగానే బకెట్లు పట్టుకుని వెళ్లండి. పది లీటర్లు మిగిలాయి.

మరీ దుమ్ము లేనప్పుడు, బురద లేనప్పుడు 40 లీటర్లు కూడా అక్కర్లేదు. కడగనక్కర్లేని షాంపూలని ఇప్పుడు వస్తున్నాయి. మూతెడు ఒక బకెట్టు నీళ్లలో కలిపి, గుడ్డ ముంచి తుడిచి, ఆరబెట్టేయడమే. అవి దుమ్ము రేణువు చుట్టూ జారుడు పొరలా పట్టి గీత పడకుండా చూస్తాయి. బురద మీద మాత్రం వాటి పప్పులుడకవు.

పక్షి రెట్ట, చెట్టు జిగురు పడితే ఆదివారం దాకా ఆగొద్దు. రెట్టలో ఆమ్లం ఉంటుంది, ఎండకి అది రంగుని తినేస్తుంది. గోటితో గీకొద్దు. తడిగుడ్డ ముక్క దాని మీద వేసి ఐదు నిమిషాలు ఊరుకోండి. గుడ్డతో పాటే లేచి వచ్చేస్తుంది. ఇక్కడా అదే, నానబెట్టు, జారనివ్వు, అప్పుడు తుడువు.

కారు లోపలకి పెద్దగా మందులేమీ అక్కర్లేదు. అద్దాలకి గ్లాసుడు నీళ్లలో చెంచాడు వెనిగర్, పాత న్యూస్‌పేపరు. వాసన వస్తుంటే సీట్ల మీద తినే సోడా చల్లి, రాత్రంతా ఉంచి, పొద్దున్నే వ్యాక్యూమ్‌తో లాగేయండి. కొందరు డ్యాష్‌బోర్డుకి కొబ్బరినూనె రాస్తారు. పూటకి నిగనిగలాడుతుంది, మర్నాటికి ఊళ్లో దుమ్మంతా దాని మీదే. తడిగుడ్డ చాలు.

బయట మెరుపు కావాలంటే ఆరు నెలలకోసారి మైనం పెట్టుకోండి. బ్రెజిల్‌లో ఒక రకం తాటిచెట్టు ఆకుల మీద పట్టే మైనం ఉంది, కార్నౌబా అంటారు. ఎండని తట్టుకోవడానికి ఆ చెట్టు పెట్టుకున్న పూత అది. మైనం ఉన్న కారు మీద దుమ్ము అంతగా అతుక్కోదు. తామరాకు మీద నీటిబొట్టులా నీళ్లు జారిపోతాయి. ఆ తర్వాత కడగడానికి నీళ్లు ఇంకా తక్కువ పడతాయి.

దసరాకి బళ్లకి పూజ చేస్తాం కదా. పసుపు మరక ఎండ తగిలితే కొన్నాళ్లకి వెలిసిపోతుంది. కుంకుమలో కలిసే రంగు అలా పోదు, తెల్లకారైతే ఏడాదంతా బొట్టుతోనే తిరుగుతుంది. నంబరు ప్లేటు పైన తమలపాకు అంటించి, ఆకు మీద బొట్టు పెట్టండి. అమ్మవారేమీ అనుకోదు.

వెళ్లేముందు మా అపార్టుమెంటులో కార్లు తుడిచే కుర్రాడి సంగతి కూడా చెప్పాలి. తెల్లవారి ఐదింటికి వస్తాడు. ఒక బకెట్టు, ఒక గుడ్డ, పద్నాలుగు కార్లు. నీళ్ల వాడకంలో అతన్ని మించినవాడు లేడు. అయితే మొదటి కారు ఇసుక రెండో కారుకి, రెండోదాని ఇసుక మూడోదానికి. మాది పదకొండో కారు. నా తలుపు గీతల్లో కొన్ని నావి, కొన్ని పది కార్లవి.

ఒకరోజు కిందకి దిగి, మా అమ్మ బియ్యం కథ అతనికి చెప్పాను. రెండో బకెట్టూ, చిల్లుల గిన్నే, నాలుగు గుడ్డలూ కొనిచ్చాను. అంతా విన్నాడు. ఉత్త నీళ్ల బకెట్టులో గుడ్డ జాడించి, అడుగున చెయ్యి పెట్టి, వేళ్ల మధ్య ఇసుక రుద్ది చూసుకున్నాడు.

"నిజమే మాస్టారూ. మా అమ్మా ఇలాగే గాలించేది" అన్నాడు. తర్వాత తల గోక్కున్నాడు. "కానీ మాస్టారూ, రెండో బకెట్టంటే నాలుగు కార్లకోసారి నీళ్లు మార్చాలి. కుళాయి అటు చివర ఉంది. అరగంట ఎక్కువ పడద్ది. మిగతా పదముగ్గురికీ మీరే చెప్పి, కారుకి యాభై పెంచమనండి."

అసోసియేషన్ మీటింగులో ఆ ముక్క ఎత్తాను. తొమ్మిదిమంది ఒప్పుకున్నారు. మిగతా నలుగురి దగ్గరికి రేపు ఆదివారం వెళ్లాలి. ఈ ప్రసంగం వాళ్లు వింటుంటే నాకు మెట్లెక్కే పని తప్పుతుంది.